అడవి పుట్టగొడుగుల్లో ఏముంటుంది?

పుట్టగొడుగు మొక్క జాతికి చెందదు, జంతు జాతికీ చెందదు. అది శిలీంధ్రం. ఆకుపచ్చని పత్రహరితం లేదు కాబట్టి ఎండతో తన తిండి తాను వండుకోలేదు. ఎండుటాకుల్లో, కుళ్లిన కట్టెలో, చెట్ల వేళ్ల దగ్గర, పేడదిబ్బల్లో ఉన్నదాన్ని ఒంటి బయటే అరిగించి లోపలికి పీల్చుకుంటుంది. నేల మీద మనకు కనబడే గొడుగు ఆ జీవిలో చిన్న భాగం మాత్రమే. అసలు శరీరం మట్టిలో సన్నని పోగులుగా అల్లుకుని ఉంటుంది, దాన్ని మైసీలియం అంటారు. వాన పడి నేల చల్లబడ్డాక, సిద్ధబీజాలను గాలిలో వెదజల్లడానికి అది పైకి పంపే అవయవమే గొడుగు. అడవి పుట్టగొడుగుల్లో ఉండేవాటిలో చాలా వరకు ఈ పీల్చుకునే బతుకులోంచి వచ్చినవే.

తెలుగు పల్లెల్లో వానాకాలం మొదలయ్యాక చెదపుట్టల మీద, వాటి చుట్టుపక్కల గట్ల మీద లేచే తెల్లటి పుట్టగొడుగులు ఇందుకు మంచి ఉదాహరణ. వీటి ప్రజాతి పేరు టెర్మిటోమైసిస్. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే ఎయిమ్ 1942లో ఆ పేరు పెట్టాడు. దక్షిణ భారతంలో దొరికి 1979లో శాస్త్ర గ్రంథాలకెక్కిన ఒక జాతికి ఆయన పేరే పెట్టి టెర్మిటోమైసిస్ హైమియై అన్నారు. చెదపురుగులు ఎండుగడ్డీ పుల్లలూ కొరికి తిని, సగమే అరిగిన మలంతో పుట్ట లోపల స్పాంజిలాంటి అరలు కడతాయి. వాటి మీద ఈ శిలీంధ్రం పెరుగుతుంది. పురుగు అరిగించుకోలేని లిగ్నిన్‌నీ సెల్యులోజ్‌నీ తన ఎంజైములతో విడగొట్టి మెత్తని తిండిగా మార్చి ఇస్తుంది. అరల మీద ఆవగింజంత తెల్లని ముద్దలు తేలతాయి, చెదపురుగులు వాటిని తింటాయి. ఆఫ్రికాలో మొదలైన ఈ వ్యవసాయానికి సుమారు మూడు కోట్ల ఏళ్ల వయసు ఉంది. మనిషి నాగలి పట్టి పన్నెండు వేల ఏళ్లు దాటలేదు.

వానలు ముదిరినప్పుడు ఆ అరల్లోంచే కాడ బయలుదేరుతుంది. పైకి కనబడే కాడ జానెడు ఉంటే, వేరులా సన్నబడి పుట్ట లోపలి దాకా దిగే భాగం అంతకు రెండు మూడింతలు ఉండవచ్చు. గొడుగు నడినెత్తిన గట్టిగా, మొనదేలిన బొడిపె ఉంటుంది. గట్టి మట్టిని చీల్చుకొచ్చేది అదే. అలవాటున్నవాళ్లు కాడ పట్టి గుంజరు. పుల్లతో చుట్టూ మట్టి తవ్వి, ఆ తోక ఎంతవరకు వస్తే అంతవరకు తీస్తారు. చెదపురుగులు లేకుండా ఈ రకాన్ని పెంచి పంట తీయడం ఇంతవరకు సాధ్యపడలేదు. అందుకే సంతలో దొరికేదంతా అడవిలోనో చేలోనో ఏరి తెచ్చిందే, ధర మాంసంతో పోటీ పడుతుంది. పాల పుట్టగొడుగు కథ వేరు. పశ్చిమ బెంగాల్లో అడవి రకంగా దొరికిన కాలోసైబి ఇండికాను 1974లో వర్ణించారు. తర్వాత తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సాగు పద్ధతులు రూపొందించాక అది రైతుల షెడ్లలోకి వచ్చింది. వేడిని తట్టుకుంటుంది కాబట్టి మన ప్రాంతాల్లోనూ పండుతోంది.

తాజా పుట్టగొడుగు బరువులో 85 నుంచి 92 శాతం దాకా నీళ్లే. కిలో తెచ్చి కడాయిలో వేసి మూత పెడితే నూనె కంటే ముందు నీళ్లే పైకి తేలతాయి. అవి ఇగిరేసరికి కడాయి నిండా ఉన్నది అడుగుకు చేరుతుంది. మిగిలిన ఎండు పదార్థంలో సగానికి పైగా పిండిపదార్థాలూ పీచూ, 15 నుంచి 35 శాతం మాంసకృత్తులు, 2 నుంచి 6 శాతం కొవ్వు, 6 నుంచి 12 శాతం ఖనిజాలు ఉంటాయి. జాతిని బట్టీ, మొలిచిన నేలను బట్టీ, మొగ్గా విచ్చుకున్న గొడుగా అన్నదాన్ని బట్టీ ఈ అంకెలు మారిపోతుంటాయి.

ఆ ‘ఎండు పదార్థం’ అన్న మాటను పట్టించుకోకపోవడం వల్లే పుట్టగొడుగుల మాంసకృత్తుల గురించి అతిశయోక్తులు పుడుతున్నాయి. ముప్ఫై శాతం మాంసకృత్తులు అని చదివినవాళ్లకు ఇవి కందిపప్పును మించిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి తాజా పుట్టగొడుగులు వంద గ్రాములు తింటే ఒంటికి చేరేది రెండు నుంచి మూడున్నర గ్రాములు. ఒక్క కోడిగుడ్డులోనే ఆరు గ్రాములుంటాయి. పైగా కొలతలోనూ ఒక చిక్కుంది. ప్రయోగశాలలో మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజని ఎంతుందో చూసి దాన్ని 6.25తో గుణిస్తారు. మాంసానికీ చాలా ధాన్యాలకూ ఇది దాదాపు సరిపోతుంది. పుట్టగొడుగు గోడల్లో ఉండే కైటిన్‌లో కూడా నత్రజని ఉంది, కానీ అది మాంసకృత్తు కాదు. అందుకే పుట్టగొడుగులకు 4.38తో గుణించాలని శాస్త్రవేత్తలు లెక్క సవరించుకున్నారు. ఎండు పుట్టగొడుగులో నత్రజని 5 శాతం ఉందనుకుంటే పాత లెక్కలో మాంసకృత్తులు 31 శాతం, కొత్త లెక్కలో 22 శాతం. పాత లెక్కతో వచ్చిన అంకెలు ఇప్పటికీ ప్రచారంలో తిరుగుతున్నాయి.

అలాగని ఈ మాంసకృత్తులను చిన్నచూపు చూడనక్కర్లేదు. మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ వీటిలో ఉన్నాయి. వరి అన్నంలో కొరవడే లైసిన్ పుట్టగొడుగుల్లో మెరుగ్గానే ఉంటుంది. గంధకం ఉండే మిథియోనిన్, సిస్టీన్ మాత్రం తక్కువ. అన్నంలో అవి కాస్త మెరుగు. అన్నంతో పుట్టగొడుగుల కూర కలిస్తే ఒకదాని లోటు మరొకటి కొంత పూడుస్తుంది.

పిండిపదార్థాల విషయంలో పుట్టగొడుగు మొక్కల దారిలో నడవదు. బంగాళాదుంపలో ఉండే పిండి దీనిలో లేదు. మన కాలేయంలో లాగే గ్లైకోజన్‌ను దాచుకుంటుంది. తీపినిచ్చేది ట్రెహలోజ్ అనే చక్కెర, మానిటాల్ అనే చక్కెర ఆల్కహాల్. ట్రెహలోజ్‌ను విడగొట్టే ఎంజైము పేగుల్లో లేనివాళ్లు అరుదుగా ఉంటారు. మంచి పుట్టగొడుగులు తిన్నా వాళ్లకు కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ఇంట్లో అందరూ బాగుండి ఒక్కరే ఇబ్బంది పడితే విషమని హడలిపోతారు గానీ, కొన్నిసార్లు కారణం ఇది కావచ్చు.

కణగోడల్లోని కైటిన్‌ను 1811లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్రీ బ్రాకొనో మొట్టమొదట పుట్టగొడుగుల్లోనే గుర్తించాడు. రొయ్య పెంకులో, పీత డిప్పలో ఉన్నదీ ఇదే పదార్థమని తర్వాత తెలిసింది. వంటింట్లో దీని ప్రభావం తేలిగ్గా కనబడుతుంది. కూరగాయలను కలిపి ఉంచే పెక్టిన్ వేడికి కరిగిపోతుంది కాబట్టి సొరకాయ పది నిమిషాల్లో మెత్తబడుతుంది. పెక్టిన్ లేని, కైటిన్ ఉన్న పుట్టగొడుగు గంట ఉడికినా ముక్క చెదరదు, పంటి కింద మాంసంలా నిలుస్తుంది. మన జీర్ణరసాలు కైటిన్‌ను అరిగించగలిగేది కొద్దిగానే. ఎక్కువ భాగం పీచుగానే పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. బాగా నమిలి తినకపోతే కడుపు బరువుగా అనిపించడానికి కారణం కూడా ఇదే.

కైటిన్‌తో పాటు గోడల్లో బీటా గ్లూకాన్లు ఉంటాయి. ఇవి గ్లూకోజ్ అణువుల గొలుసులు. ఓట్స్‌లోనూ బీటా గ్లూకాన్లు ఉన్నాయి గానీ గొలుసు ముడిపడే తీరు వేరు. పుట్టగొడుగు గొలుసుకు పక్క కొమ్మలు ఉంటాయి. ఈ అమరికను బట్టే మన రోగనిరోధక కణాలు దాన్ని ‘శిలీంధ్రం’గా ఆనవాలు పడతాయి. తెల్లరక్త కణాల మీద ఇందుకోసమే డెక్టిన్-1 అనే గ్రాహకం ఉన్నదని 2001లో తేలింది. ఒంట్లోకి దిగిన శిలీంధ్రాన్ని పట్టుకోవడానికి ఏర్పడిన వ్యవస్థ ఇది. పుట్టగొడుగుల ఔషధ గుణాల గురించి జరిగిన పరిశోధనల్లో పెద్ద భాగం దీని చుట్టూనే తిరుగుతుంది.

కొవ్వు తక్కువే, అందులో ఎక్కువ భాగం లినోలీక్ ఆమ్లం. అయితే ఆ కొద్దిపాటి కొవ్వులోనే అసలు విశేషం ఒకటి దాగి ఉంది. జంతువుల్లో కొలెస్టరాల్ చేసే పనిని శిలీంధ్రాల్లో ఎర్గోస్టెరాల్ చేస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు సోకితే ఎర్గోస్టెరాల్ డి2 విటమిన్‌గా మారుతుంది. మన చర్మంలో జరిగేదీ ఇలాంటిదే, అక్కడ తయారయ్యేది డి3. చీకటి గదుల్లో పెంచిన బటన్ పుట్టగొడుగుల్లో డి విటమిన్ దాదాపు ఉండదు. ఆరుబయట మొలిచినవాటిలో ఉంటుంది. కోసిన తర్వాత కూడా ఈ మార్పు జరుగుతుంది. వంద గ్రాముల తాజా ముక్కలను మధ్యాహ్నపు ఎండలో పావుగంట నుంచి రెండు గంటలు ఉంచితే సాధారణంగా 10 మైక్రోగ్రాములకు పైనే డి2 తయారవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు సిఫారసు చేసినది రోజుకు 15 మైక్రోగ్రాములు. గొడుగును బోర్లించి అడుగు రేకులు ఎండకు తగిలేలా పెడితే తయారీ ఇంకా ఎక్కువ. రక్తంలో నిలకడగా ఉండటంలో డి3 కంటే డి2 కొంత వెనకబడుతుంది. అయినా మాంసం, చేపలు ముట్టనివాళ్లకు మాత్రలు కాకుండా తిండి ద్వారా డి విటమిన్ దొరికే దారులు చాలా తక్కువ. వాటిలో ఇదొకటి.

మిగిలిన విటమిన్లలో బి2, బి3, బి5 చెప్పుకోదగినంత ఉంటాయి. సి విటమిన్ నామమాత్రం. బి12 పుష్కలంగా ఉందని కొందరు ఊదరగొడతారు. షాంటరెల్ వంటి కొన్ని అడవి రకాల్లో కాస్త కనబడింది తప్ప, శాకాహారి తన బి12 అవసరానికి పుట్టగొడుగులను నమ్ముకుంటే లోటు తప్పదు.

ఖనిజాల్లో పొటాషియం అన్నిటికంటే ఎక్కువ, సోడియం చాలా తక్కువ. రక్తపోటు ఉన్నవాళ్లకు ఇది అనుకూలం. మూత్రపిండాలు దెబ్బతిని పొటాషియం తగ్గించుకోమన్నవాళ్లకు మాత్రం ప్రతికూలం. ఫాస్ఫరస్, రాగి బాగానే ఉంటాయి. యూరప్ అడవుల్లో దొరికే బొలీటస్ ఎడ్యులిస్‌లో సెలీనియం మెండుగా ఉంటుంది. ఇక్కడే పీల్చుకునే బతుకు రెండో ముఖం బయటపడుతుంది. మట్టిలోని రాగినీ సెలీనియాన్నీ ఏరి తెచ్చుకునే ఆ పోగులే కాడ్మియం, పాదరసం, సీసం, ఆర్సెనిక్‌లనూ ఏరి తెస్తాయి. కొన్ని అగారికస్ జాతుల్లో కాడ్మియం నేలలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పోగుపడుతుంది. లోహం కణాల లోపల ఉంటుంది కాబట్టి కడిగినా పోదు. రహదారుల పక్కన, ఫ్యాక్టరీల దగ్గర, పాత గనుల చుట్టూ మొలిచినవాటిని, పురుగుమందులు కొట్టిన చేలగట్ల మీదివాటిని ఎంత రుచిగల రకమైనా వదిలేయాలనడానికి కారణం ఇదే.

ఈ గుణం ఎంత దూరం వెళ్లగలదో 1986 ఏప్రిల్లో చెర్నోబిల్ అణు ప్రమాదం చూపించింది. గాలిలో కొట్టుకొచ్చిన రేడియోధార్మిక సీజియం-137 జర్మనీ దక్షిణాన బవేరియా అడవుల మీద వానతో పాటు కురిసింది. సీజియం రసాయన స్వభావం పొటాషియానికి దగ్గర. పొటాషియం కోసం వెతికే శిలీంధ్రం దాన్నీ లోపలికి లాక్కుంది. సీజియం-137 సగానికి తగ్గడానికి 30 ఏళ్లు పడుతుంది. అక్కడి కొన్ని అడవి పుట్టగొడుగుల్లో, నేలలోని శిలీంధ్రాలను తవ్వుకు తినే అడవి పందుల మాంసంలో అది ఇప్పటికీ బయటపడుతోంది. బొలీటస్ బాడియస్ అనే రకంలో గొడుగుకు గోధుమ రంగునిచ్చే వర్ణకమే సీజియాన్ని పట్టి ఉంచుతుందని రసాయనవేత్తలు కనుక్కున్నారు.

రుచికీ రసాయనమే మూలం. పుట్టగొడుగుల్లో స్వేచ్ఛగా ఉండే గ్లుటామిక్ ఆమ్లం మాంసపు పులుసులో తగిలేలాంటి రుచినిస్తుంది. ఈ రుచిని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు పాచిలో గుర్తించి ఉమామి అన్నాడు. షిటాకే పుట్టగొడుగులో గ్వానిలేట్ అనే మరో పదార్థం ఉంది. గ్లుటామేట్‌తో అది కలిస్తే రుచి రెండిటి మొత్తం కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుందని అకిరా కునినాకా తేల్చాడు. ఎండబెట్టిన పుట్టగొడుగు నానబెట్టిన నీళ్లు పారబోయడం అంటే ఆ రుచిని పారబోయడమే, ఇసుక తేర్చుకుని పులుసులో పోసుకోవాలి. వాసన లినోలీక్ ఆమ్లం నుంచి వస్తుంది. గొడుగును తుంచగానే కణాలు చిట్లి, ఎంజైము తగిలి ఆక్టెనాల్ అనే పదార్థం పుడుతుంది. వానకు తడిసిన అడవి నేల వాసనలో కొంత పాలు దీనిదే.

గత ఇరవై ఏళ్లలో శాస్త్రవేత్తల దృష్టిని బాగా లాగిన పదార్థం ఎర్గోథియోనీన్. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ అనే శిలీంధ్రంలోంచి 1909లో షార్ల్ తాన్రే దీన్ని వేరు చేశాడు. మొక్కలూ జంతువులూ దీన్ని తయారు చేయలేవు. శిలీంధ్రాలూ కొన్ని బ్యాక్టీరియాలూ మాత్రమే చేస్తాయి. మనకు అందేది తిండి ద్వారానే, అందులోనూ ప్రధానంగా పుట్టగొడుగుల నుంచే. చాలాకాలం దీన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన కణాల పొరల్లో దీన్ని లోపలికి చేరవేసే ప్రత్యేక వాహక ప్రోటీను ఉందని 2005లో జర్మనీలో డిర్క్ గ్రుండెమాన్ బృందం చూపడంతో పరిస్థితి మారింది. ఎర్రరక్త కణాల్లో, కాలేయంలో, కంటి కటకంలో దీన్ని శరీరం పోగుచేసుకుని రోజుల తరబడి వదలదు. అవసరం లేనిదాన్ని శరీరం అంత జాగ్రత్తగా ఎందుకు దాస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. కణాలను దెబ్బతీసే ఆక్సీకరణ నుంచి ఇది కాపాడుతుందని ప్రయోగశాలలో కనిపించింది. వేడికి చెడదు కాబట్టి కూరలోనూ నిలుస్తుంది. సింగపూర్‌లో అరవై దాటిన 663 మంది మీద జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, వారానికి రెండు మార్లకు మించి పుట్టగొడుగులు తినేవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించడం తక్కువగా కనబడింది. కానీ ఇది సంబంధం మాత్రమే. పుట్టగొడుగులు కొని తినేవాళ్లు మిగతా తిండి విషయంలోనూ మెరుగ్గా ఉండి ఉండవచ్చు.

ఔషధ గుణాల గురించి రాసేటప్పుడు ఈ జాగ్రత్త అడుగడుగునా కావాలి. షిటాకే నుంచి 1969లో గోరో చిహారా వేరు చేసిన లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను జపాన్ 1985లో జీర్ణాశయ క్యాన్సర్ చికిత్సలో అనుమతించింది. అది శుద్ధి చేసిన మందు, ఇంజెక్షన్‌గా ఎక్కిస్తారు, అదీ కీమోథెరపీకి తోడుగా. కట్టె మీద పెరిగే ట్రామీటిస్ నుంచి తీసిన క్రెస్టిన్‌కు అక్కడే 1977లో అనుమతి వచ్చింది. ఈ రెండు ఉదాహరణలను పట్టుకుని పుట్టగొడుగుల కూర క్యాన్సర్‌ను తగ్గిస్తుందని చెప్పడం తప్పుడు ప్రచారం. కొలెస్టరాల్ సంగతీ ఇంతే. ముత్యపు చిప్ప పుట్టగొడుగులో లోవాస్టాటిన్ సహజంగానే ఉంది. అదే పదార్థం 1987 నుంచి అమెరికాలో కొలెస్టరాల్ మాత్రగా అమ్ముడవుతోంది. ఏ గొడుగులో ఎంతుందో చెప్పడానికి వీల్లేదు కాబట్టి డాక్టరు రాసిన మాత్ర మానేసి కూర తినడం ప్రమాదం. చెదపుట్టల మీది టెర్మిటోమైసిస్‌లోనూ నాడీకణాల పెరుగుదలను ప్రేరేపించే కొవ్వు పదార్థాలు దొరికాయి. అది గాజు పాత్రలో పెంచిన కణాల మీద కనిపించిన ఫలితం. ప్రతి అడవి రకాన్నీ ‘యాంటీ ఆక్సిడెంట్’ అని నిరూపించే పరిశోధన పత్రాలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో చాలా వరకు రంగు ద్రావణంలో సారం కలిపి రంగు ఎంత వెలిసిందో చూసినవే. ఆ లెక్కన టీ కూడా మందే. కేలరీలు తక్కువ, పీచు ఎక్కువ, ఉప్పు తక్కువ, మాంసానికి దగ్గరి రుచి. ఇన్ని గుణాలు ఒక్కచోట ఉన్న ఆహారంగానే పుట్టగొడుగుకు గట్టి విలువ ఉంది.

ఇక విషం. గొడుగు రూపం మంచిదానికీ చెడ్డదానికీ ఒకటే కావడం దీని అసలు ప్రమాదం. తినకూడనివాటిని మనవాళ్లు ఒక్క మాటలో కుక్కగొడుగులని తోసేస్తారు గానీ, వాటి రసాయనాలు ఒక తీరుగా ఉండవు. అన్నిటికంటే ఘోరమైనది అమానిటా జాతుల్లోని ఆల్ఫా అమానిటిన్. కణం ప్రోటీన్లు తయారు చేసుకోవాలంటే ముందుగా డీఎన్‌ఏలోని సమాచారానికి నకలు తీయాలి. ఆ పని చేసే ఎంజైమును ఇది పట్టి ఆపేస్తుంది. ఉడకబెట్టినా, ఎండబెట్టినా, ఊరబెట్టినా విరగదు. శరీర బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము చాలు, డెత్ క్యాప్ అనే రకంలో ఒక్క గొడుగే పెద్ద మనిషి ప్రాణం తీయగలదు. దీని నడత మోసపూరితం. తిన్న ఆరు నుంచి ఇరవైనాలుగు గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి ఒక రోజు హాయిగా అనిపిస్తుంది, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసినవాళ్లూ ఉంటారు. ఈలోగా లోపల కాలేయం చచ్చిపోతూ ఉంటుంది. మూడో రోజు నుంచి కామెర్లు మొదలవుతాయి. 2022 ఏప్రిల్లో అసోంలో, ఎక్కువగా తేయాకు తోటల ప్రాంతాల్లో, అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లో పది మందికి పైగా చనిపోయారు.

పొరపాటు ఎలా జరుగుతుందో గడ్డి పుట్టగొడుగును చూస్తే తెలుస్తుంది. వరిగడ్డి మీద పెరిగే ఈ మంచి రకం లేతగా ఉన్నప్పుడు గుడ్డులాంటి సంచిలో ఉంటుంది. డెత్ క్యాప్ మొగ్గ కూడా అలాగే ఉంటుంది. ఆగ్నేయాసియా నుంచి అమెరికా వెళ్లినవాళ్లు అక్కడి డెత్ క్యాప్‌ను తమ ఊరి గడ్డి పుట్టగొడుగని కోసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నారు. విచ్చుకున్న గొడుగును కాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచితే రాలే పొడి గడ్డి పుట్టగొడుగుకు గులాబీ రంగు, అమానిటాకు తెలుపు. మొగ్గల దగ్గర ఈ పరీక్షకు దారే లేదు. మన ఇళ్ల ముందు పచ్చిక మీద, పార్కుల్లో వానకు లేచే పెద్ద తెల్లగొడుగుల్లో క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ ఒకటి. నెత్తిన గోధుమ రంగు పొలుసులు, ముదిరితే అడుగు రేకులు పచ్చబారతాయి, రాలే పొడీ పచ్చనిదే. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపు దేవినట్టు వాంతులు పడతాయి, ప్రాణం పోవడం అరుదు.

మంచి రకాలకూ వాటి షరతులు ఉన్నాయి. హిమాచల్, కశ్మీర్ కొండల్లో ఏరే గుచ్చీని, అంటే మోరెల్ పుట్టగొడుగును, పచ్చిగానో అరకొరగా ఉడికించో తింటే విషమే. 2023లో అమెరికాలోని మోంటానాలో ఇలాంటి మోరెల్స్ వడ్డించిన ఒక రెస్టారెంట్లో తిన్న 51 మంది అస్వస్థులయ్యారు, ఇద్దరు చనిపోయారు. పేడ, చెత్త ఉన్నచోట లేచి సిరాలా కరిగిపోయే ఒక రకంలో కోప్రిన్ ఉంటుంది. కూరగా తింటే ఏమీ కాదు, దాంతో పాటు కల్లో సారాయో తాగితే ముఖం కందిపోయి గుండె దడదడలాడుతుంది. ఫ్రాన్స్‌లో తరతరాలుగా ఇష్టంగా తిన్న ట్రైకోలోమా ఈక్వెస్ట్రే అనే పసుపు రకం 1992 నుంచి 2000 మధ్య పన్నెండు మందికి కండరాలు కరిగేలా చేసి ముగ్గురి ప్రాణం తీసింది. వరసగా కొన్ని పూటలు ఎక్కువెక్కువ తిన్నవాళ్లలోనే ఇలా జరిగింది. తాతల నాటి అనుభవానికి కూడా మోతాదు హద్దు ఉంటుందని దాంతో తెలిసింది.

పురుగు తిన్నది మనిషి తినవచ్చని, వెండి నాణెం నల్లబడితేనే విషమని, వెల్లుల్లి వేస్తే రంగు మారుతుందని చెప్పుకునే పరీక్షలకు ఏ ఆధారమూ లేదు. అమానిటిన్ వెండిని తాకదు, వెల్లుల్లినీ మార్చదు. డెత్ క్యాప్‌ను నత్తలు ఇష్టంగా తింటాయి, వాటికేమీ కాదు. ఆ చోటు, ఆ జాతి రెండూ ఏళ్ల తరబడి తెలిసినవాళ్లు ఏరినదే కొనుక్కోవాలి. తెలిసిన జాతే అయినా మొగ్గలనూ కుళ్లడం మొదలైనవాటినీ వదిలేయాలి. ఫోను యాప్ చూపిన పేరును నమ్మి వండుకోకూడదు. తెచ్చిన రోజే బాగా ఉడికించి తినాలి. మొదటిసారి తినేవాళ్లు కొద్దిగా తిని ఒక రోజు చూడాలి, ఒకటి రెండు గొడుగులు వండకుండా పక్కన పెట్టుకోవాలి.

ఎవరికైనా వాంతులు మొదలైతే ఆ దాచిన గొడుగు, వండిన కూర, వాంతి నమూనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎన్ని గంటలకు తిన్నదీ, ఎన్ని గంటలకు బాధ మొదలైనదీ చెప్పాలి. తిన్న ఆరు గంటల తర్వాత లక్షణాలు వస్తే డాక్టర్లు అమానిటిన్‌ను అనుమానించి, కడుపు కుదుటపడినట్టు కనబడినా కాలేయ పరీక్షలు మళ్లీ మళ్లీ చేస్తారు. నీళ్లూ లవణాలూ ఎక్కించడం, బొగ్గుపొడి తాగించడం, పాలతిస్తెల్ మొక్క నుంచి తీసిన సిలిబినిన్, ఎసిటైల్ సిస్టీన్ ఇవ్వడం చికిత్సలో భాగం. కాలేయం పూర్తిగా దెబ్బతింటే మార్పిడి ఒక్కటే దారి. కలిసి తిన్నవాళ్లందరినీ, ఇంకా ఏ బాధా లేనివాళ్లతో సహా, అదే రోజు చూపించాలి.